రోహిణి కార్తెకు ముందే నాక్ సెన్సరు చూసుకోండి

మే నెలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో ఏసీ వేసుకొని, నిండా మనుషులతో రాపూరు నుంచి చిట్వేలి వైపు ఘాట్ ఎక్కే పెట్రోలు కారుకు నాకింగ్ ముప్పు ఎక్కువ. ఇంజనులోకి పోయే గాలి ఎంత వేడెక్కితే, ప్లగ్ రాజేసిన మంట చేరేలోపే సిలిండరు అంచున మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం తనంతట తానే భగ్గుమనే అవకాశం అంత పెరుగుతుంది; టకటక చప్పుడు చేసే ఈ మంటనే నాకింగ్ అంటారు.

అద్దాలు ఎత్తి ఉంటే ఆ టకటక చెవికి అందదు. ఇంజను బ్లాకుకు బిగించిన నాక్ సెన్సరులోని పీజో స్ఫటికం (అదిరితే కరెంటు పుట్టించేది), మామూలు కార్లలో 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉండే ఆ కంపనాన్ని పట్టి వోల్టేజీగా పంపితే, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే ప్లగ్ నిప్పును కాస్త ఆలస్యంగా రాజేస్తుంది. సెన్సరు కూర్చునే చోట తుప్పు, రంగు, అదనపు వాషరు ఉండరాదు. బోల్టును చేతి అంచనాతో కాక, మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకే బిగించాలి.

వడ్ల బస్తాల పక్కన నిలిపిన మా కారులో ఒకసారి ఎలుకలు ఆ సెన్సరు వైరునే కొరికాయి. చప్పుడేమీ లేదు గానీ బండి ఎత్తు ఎక్కలేకపోయింది, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మీటరు మాత్రం రోజూ కన్నా బాగా ఎక్కువ చూపింది. మెకానిక్ ఇథనాల్ పెట్రోలును తప్పుపట్టాడు. నిజానికి ఇథనాల్ ఆక్టేన్‌ను, అంటే నాకింగును తట్టుకొనే గుణాన్ని, పెంచేదే. లోపాల కోడ్లు చదివే స్కానరు పెడితే, నాక్ సెన్సరు సర్క్యూట్ లోపాన్ని చెప్పే పీ0325 కోడ్ బయటపడింది. సెన్సరు నుంచి కబురు అందకపోవడంతో ఈసీయూ ముందుజాగ్రత్తగా టైమింగ్‌ను వెనక్కి పెట్టుకుంది, ఆలస్యంగా కాలిన మిశ్రమం వేడి ఎగ్జాస్టులోకి పోయింది.

అందుకే ఎగ్జాస్ట్ మీటరు ఒక్కదాన్నే నమ్మి నాకింగ్‌ను తేల్చకూడదు. నాకింగ్ ముదిరినప్పుడు వేడి పిస్టన్‌కూ సిలిండరు గోడలకూ ఎక్కువగా దిగిపోయి, ఎగ్జాస్ట్ అంకె పెరగకపోగా తగ్గవచ్చు కూడా. స్కానరులో టైమింగ్ వెనక్కి పోతూ ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంటే ఈసీయూ ఇంకా కాచుకుంటోందని అర్థం. బరువు మీద ఉండగా ఎగ్జాస్ట్ అంకె పడిపోయి కూలెంట్ వేడి ఎక్కుతుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ వదలాలి. ఈ తేడా తెలియాలంటే, కావలి నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఒకే వేగంతో నడిపినప్పుడు వచ్చే అంకెలను చలికాలంలోనే రాసిపెట్టుకోవాలి. ఆ మీటరుకు వేడిని కొలిచి చెప్పే థర్మోకపుల్‌ను టర్బో ఉంటే దానికి ముందు, ఇంజను పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్‌లో పెట్టించడం మేలు.

ఘాట్‌లో టకటక వినిపిస్తే పై గేరులోనే ఈడ్చకుండా ఒక గేరు దించి, ఏసీ ఆపి, కాలు తేలిక చేయండి. ఇల్లు చేరాక, ఇంజను చల్లారిన తరువాత ప్లగ్గులు విప్పి భూతద్దంతో చూడండి. తెల్లని పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలుంటే నాకింగ్ జరిగిందని అనుమానించాలి; వాటి మధ్య సన్నని వెండి పూసలు మెరిస్తే అది పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం, కాబట్టి కంప్రెషన్ పరీక్ష (సిలిండరులో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసేది) అయ్యేదాకా ఆ బండిని పెంచలకోనకు కూడా తీయవద్దు.