ఈటీపీలో (ఫ్యాక్టరీ మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్) బురద దిగకపోతే మేం ఏం చేశామంటే (నా అనుభవం)

కాకినాడ వైపు కెమికల్ ప్లాంట్‌లో ఈటీపీ చూస్తుంటానండి. క్లారిఫయర్‌లో (బురద అడుక్కి దిగి నీళ్ళు తేటపడే ట్యాంక్) బురద దిగకుండా అవుట్‌లెట్‌లోకి కొట్టుకొచ్చేసేది, ఆ డ్రెయిన్ కింద రొయ్యల చెరువులున్నాయి కాబట్టి ముందు అవుట్‌లెట్ కట్టేసి నీళ్ళు గార్డ్ పాండ్‌కి (అవసరానికి నీళ్ళు ఆపి ఉంచే చెరువు) మళ్ళించాం.

ఏరేషన్ ట్యాంక్ (గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగు తినిపించే ట్యాంక్) నీళ్ళు లీటర్ సిలిండర్‌లో పట్టి అరగంట ఉంచితే బురద 300 ఎంఎల్ గీత దగ్గరకి దిగాలి, మాది 900 దగ్గరే ఆగిపోయింది, పైన నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) లీటరుకి 2 మిల్లీగ్రాముల పైనే, పీహెచ్ బానే ఉంది. పాలిమర్ (బురదని ముద్దకట్టించే మందు) పెంచమన్నారు గానీ అది పైపూత మందే. మైక్రోస్కోప్‌లో చూస్తే అంతా దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా, బురదని దిగనివ్వనిది అదే. పోషకాలు చాలకపోయినా అది పెరుగుద్ది.

కెమికల్ నీళ్ళలో కార్బన్ దండిగా ఉన్నా నత్రజని, భాస్వరం చాలాసార్లు చాలవు, బీఓడీ (మురుగు తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్ లెక్క) 100కి నత్రజని 5, భాస్వరం 1 కావాలి. టెస్ట్‌లో మాకు రెండూ దాదాపు సున్నా. యూరియా, డీఏపీ కరిగించి రోజూ డోసింగ్ పెట్టాం, పాత బురద కొంచెంకొంచెం తీసేశాం, మెల్లగా బురద దిగడం మొదలెట్టింది.

డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటది కదా, ఆ 46 పీ2ఓ5 (భాస్వరం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్) లెక్కండి, అసలు భాస్వరం 20 శాతమే, డోస్ దానిమీదే కట్టండి. బస్తాలు ఒకేసారి గుమ్మరించొద్దు, మిగిలిన అమ్మోనియా డ్రెయిన్‌లోకి పోతే రొయ్యలు చస్తాయి.