ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’ ఆడాలంటే: తలుపులు, టపా డబ్బా, ఆఖరి చప్పుడు

నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన ఈ నాటకం పేరెత్తగానే ఎవరికైనా గుర్తొచ్చేది నాయిక నోరా ఇల్లు విడిచి వెళ్ళిపోవడమే. జబ్బుపడ్డ భర్త హెల్మర్ కోసం ఆమె తండ్రి సంతకం ఫోర్జరీ చేసి క్రోగ్‌స్టాడ్ దగ్గర గుట్టుగా అప్పు చేస్తుంది; హెల్మర్ కింద బ్యాంకులో పనిచేసే క్రోగ్‌స్టాడ్ ఉద్యోగం పోయేసరికి ఆ సంగతి హెల్మర్‌కు ఉత్తరం రాసి ఇంటి టపా డబ్బాలో వేస్తాడు. ఆడేవాళ్ళు కూడా బలమంతా ఆ ఘట్టం మీదే పెట్టి, ముందున్నదాన్ని ఏదో ఉపోద్ఘాతంలా లాగించేస్తారు. నాటకం చెడేది సరిగ్గా అక్కడే. ఇందులో కథను నడిపేవి వస్తువులు. తాళంచెవి ఎవరి జేబులో ఉంది, ఏ తలుపు మూసి ఉంది, ఉత్తరం ఎక్కడిదాకా వచ్చింది అన్నవే ప్రేక్షకుణ్ణి ముందుకు వంగి కూర్చోబెడతాయి. వాటిని సరిగ్గా అమర్చుకుంటే నోరా నిర్ణయం మొదటి అంకం నుంచే తయారవుతుంది. అమర్చుకోకపోతే చివర్లో నటి ఎంత గొంతు చించుకున్నా అది ఉపన్యాసమే అవుతుంది.

ప్రతి, నిడివి

ఇబ్సెన్ 1906లో చనిపోయాడు కాబట్టి మూలానికి హక్కుల బెడద లేదు. విలియం ఆర్చర్ ఇంగ్లీషు అనువాదానికీ లేదు, ఆయన 1924లో పోయాడు. మన దేశంలో రచయిత పోయాక అరవయ్యేళ్ళ దాకా హక్కు ఉంటుంది కాబట్టి, ఇటీవలి ఇంగ్లీషు అనువాదం నుంచి గానీ, వేరొకరి తెలుగు అనువాదం నుంచి గానీ ఆడితే వాళ్ళ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

మొత్తం ఆడితే విరామాలతో కలిపి మూడు గంటలకు దగ్గరగా వస్తుంది. రెండుంబావుకు తేవచ్చు. పరిషత్తు పోటీల కోసం గంట నాటికగా కుదించాలన్న ఆలోచన మాత్రం మానుకోవాలి, ఈ గుట్టు బిగుసుకోవడానికి ఆ వ్యవధి కావాలి. కోయాలనుకుంటే మొదటి అంకంలో నోరా స్నేహితురాలు క్రిస్టీనా లిండే తన గతం చెప్పుకునే చోట కొంత, ఆ ఇంటికి ఆప్తుడైన డాక్టర్ రాంక్ లోకాభిరామాయణంలో కొంత తీసేయండి. చాలామంది కత్తెర వేసేది మూడో అంకం మొదట్లో క్రిస్టీనా, క్రోగ్‌స్టాడ్ కలుసుకునే ఘట్టానికి. దాన్ని ముట్టుకోకూడదు. ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటానని క్రోగ్‌స్టాడ్ అంటే, వద్దు, హెల్మర్‌కి అంతా తెలియాల్సిందే అని ఆపేది క్రిస్టీనాయే. ఈ మాట వినపడకపోతే తర్వాత అప్పుపత్రం తిరిగి రావడం అదృష్టం కొద్దీ జరిగినట్టు ఉంటుంది.

కథను హైదరాబాద్‌కో విజయవాడకో మార్చడం కూడా మంచిది కాదు. నోరా చేసిన నేరానికి మూలం ఆనాటి చట్టం. భర్త అనుమతి లేకుండా పెళ్ళయిన స్త్రీ అప్పు తీసుకోవడానికి వీల్లేదు, అందుకే హామీగా ఉండాల్సిన తండ్రి సంతకం తనే పెట్టింది. నార్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళకు చట్టపరమైన స్వతంత్ర ప్రతిపత్తి వచ్చింది 1888లో, అంటే నాటకం అచ్చయిన తొమ్మిదేళ్ళకు. ఆ చట్టం నుంచి కథను తప్పిస్తే ఫోర్జరీకి కారణమే మిగలదు. లారా కీలర్ అనే రచయిత్రి జబ్బుపడ్డ భర్తను బతికించుకోవడానికి రహస్యంగా అప్పు చేసి చిక్కుల్లో పడింది. ఆమె ఇబ్సెన్‌కి స్వయంగా తెలిసిన మనిషి. ఇలా కూడా జరుగుతుందా అని అడిగే నటులకు ఈ సంగతి చెప్పాలి.

ఎవరు ఎవర్ని ఏమనాలి

మూలంలో భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు ‘నువ్వు’ అనే అనుకుంటారు. తెలుగులోనూ అలాగే ఉంచండి. నోరా చేత మొదట్నుంచీ ‘మీరు’ అనిపించి ఆఖర్న ‘నువ్వు’లోకి దింపితే చప్పట్లు పడతాయి గానీ, పైకి చనువుగా కనిపించే కాపురంలో సమానత్వం లేదన్న అసలు విషయం పోతుంది. క్రోగ్‌స్టాడ్, రాంక్ ఇద్దరూ నోరాను ‘మీరు’ అనాలి. బ్యాంకులో క్రోగ్‌స్టాడ్ తనను నలుగురిలో ‘నువ్వు’ అంటున్నాడనే హెల్మర్‌కు ఒళ్ళు మంట. రెండో అంకంలో అది బయటపెడతాడు, నోరా అదెంత చిన్న సంగతని అంటుంది, ఆ మాటకు ఉడుక్కుని అక్కడికక్కడే క్రోగ్‌స్టాడ్ ఉద్యోగం తీసేస్తూ ఉత్తరం పంపిస్తాడు. ఈ నాలుగు వాక్యాలూ కోయకండి.

గది

మూడు అంకాలకూ ఒకటే సెట్. 26 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు ఉంటే హాయిగా సరిపోతుంది. వెనక గోడలో రెండు తలుపులు: ఒకటి బయటి నడవలోకి, ఒకటి హెల్మర్ పనిగదిలోకి. వాటి మధ్య పియానో. పక్క గోడల్లో చెరో తలుపు, ఒకవైపు కిటికీ, దాని దగ్గర గుండ్రటి బల్ల, కుర్చీలు, చిన్న సోఫా. ఎదురువైపు పొయ్యి, దాని పక్కన ఊగే కుర్చీ. ఈ పొయ్యి మన వంటింటి పొయ్యి కాదు, చలికి గదిని వెచ్చబరిచే పెంకుల పొయ్యి. దీన్ని అలంకారంగా పెట్టి వదిలేయకూడదు, మూడో అంకంలో హెల్మర్ ఉత్తరాలనూ అప్పుపత్రాన్నీ తగలబెట్టేది ఇందులోనే. మూసిన హాల్లో నిజం మంట వద్దు. లోపల రేకు డబ్బా, వెనకవైపు కాగితం జారిపోవడానికి ఏటవాలు పలక, నారింజ రంగు ఎల్‌ఈడీ బల్బు చాలు.

గోడలు గుడ్డ ఫ్లాట్లతో (చట్రానికి గుడ్డ బిగించిన పలకలతో) కట్టినా తలుపులు మాత్రం గట్టివి కావాలి. తలుపు వేసినప్పుడు గోడంతా ఊగితే అది ఇల్లని ఎవరూ నమ్మరు. ద్వారబంధాన్ని ఫ్లాటుకు కాకుండా నేలకు, వెనక ఊతకర్రకు బిగించండి. హెల్మర్ పనిగది తలుపు ఎక్కువసేపు మూసే ఉండాలి. నోరా అబద్ధాల్లో చాలావరకు ఆ మూసిన తలుపు వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పేవే.

టపా డబ్బా

నడవ తలుపు తీసినప్పుడు అవతల గోడకో బయటి తలుపుకో ఉన్న టపా డబ్బా ప్రేక్షకులకు కనిపించాలి. దానికి అద్దం ఉంటుంది, లోపల ఉన్న ఉత్తరాన్ని నోరా క్రిస్టీనాకు ఆ అద్దంలోంచే చూపిస్తుంది. 12 అంగుళాల ఎత్తు, 10 వెడల్పు పెట్టి, ముందు 3 ఎం.ఎం. యాక్రిలిక్ షీటు బిగించండి. దాని మీద లైటు పడి మెరిస్తే లోపలిది కనిపించదు. నడవ తలుపున్న గోడను కాస్త ఏటవాలుగా తిప్పి, మొదటి వరుసలో రెండు చివరి కుర్చీల్లోనూ కూర్చుని చూసుకోండి.

ఉత్తరం పడే చప్పుడు హాలంతా వినబడాలి. ఉత్త కవరు పడితే చప్పుడు రాదు. కవరులో అట్టముక్క పెట్టి, డబ్బా అడుగున రేకు వేయండి. క్రోగ్‌స్టాడ్ మెట్లు దిగే అడుగుల చప్పుడు ఉత్తరం పడిన తర్వాతే వినబడాలి, దాంతో కలవకూడదు.

ఉత్తరం పడిన ఈ రెండో అంకం చివర నోరా గడియారం చూసి లెక్క కడుతుంది: ఇప్పుడు అయిదు, అర్ధరాత్రికి ఏడు గంటలు, ఆపైన ఇరవై నాలుగు, మొత్తం ముప్ఫై ఒకటి. సెట్లో గోడగడియారం పెడితే ఆ సమయానికి ముల్లు అయిదు మీద ఉండాలి. చేతకాకపోతే గోడగడియారమే పెట్టొద్దు. ఇలాంటి లెక్కే మొదటి అంకంలోనూ ఉంది: తండ్రి చనిపోయింది సెప్టెంబర్ 29న, సంతకం కింద తేదీ అక్టోబర్ 2. క్రోగ్‌స్టాడ్ ఈ రెండు తేదీల మధ్య ఆగాలి. ప్రేక్షకుడు మనసులో తీసివేత చేసుకోవడానికి ఆ రెండు క్షణాలు కావాలి. 4,800 క్రోనర్ల అప్పును రూపాయల్లోకి మార్చొద్దు. మొదట్లో నోరా కూలివాడికిచ్చే ఒక క్రోనర్, హెల్మర్ లెక్కపెట్టి ఇచ్చే నలభై స్పష్టంగా వినిపిస్తే అప్పు ఎంత పెద్దదో ప్రేక్షకులకే అర్థమవుతుంది.

టారంటెల్లా

టారంటెల్లా ఇటలీ జానపద నాట్యం, వేషాల విందులో ఆడటానికి నోరా రెండో అంకంలో దీన్ని సాధన చేస్తుంది. మన నటీమణుల్లో కూచిపూడి నేర్చుకున్నవాళ్ళు ఎక్కువ. ఇక్కడ అదే అడ్డొస్తుంది. అడుగు శుద్ధంగా పడేకొద్దీ ఘట్టం చచ్చిపోతుంది. హెల్మర్ నెమ్మదిగా, నెమ్మదిగా అంటున్నా వినకుండా నోరా ఆడాలి, జుట్టు ఊడి భుజాల మీద పడ్డా గమనించకూడదు. ముందు రెండు వారాలు శుద్ధంగా నేర్పించండి, తర్వాత ఒక్కో చోట వేగం పెంచి విరగ్గొట్టండి. ఎక్కడ తప్పాలో ముందే తేల్చుకోకపోతే నటి నిజంగానే పడుతుంది. నిడివి ఒకటిన్నర నిమిషం, మహా అయితే రెండు. జుట్టును ఒకే పిన్నుతో నిలబెట్టి, ఏ తిరుగుడులో ఊడాలో అక్కడ చేత్తో లాగేలా అలవాటు చేయండి. పియానో రికార్డింగ్ అయితే స్పీకరు పియానో వెనకే ఉండాలి. హాలు స్పీకర్లలోంచి వస్తే రాంక్ వేళ్ళు ఊరికే ఆడుతున్నాయని ఇట్టే తెలిసిపోతుంది.

దానికి ముందు రాంక్‌తో జరిగే సంభాషణకు లైటింగ్ చాలా ముఖ్యం. నోరా పట్టు మేజోళ్ళు చూపించేటప్పటికే గది మసకబారుతూ ఉండాలి, ఎనిమిది పది నిమిషాల్లో ఎవరూ గమనించనంత నెమ్మదిగా. రాంక్ ప్రేమ సంగతి చెప్పగానే నోరా దీపం తెమ్మంటుంది. పనిమనిషి హెలెన్ దీపాన్ని బల్ల మీద పెట్టిన తర్వాతే లైటు పెరగాలి. ఆమె గుమ్మంలో ఉండగానే ఆపరేటర్ పెంచేస్తే అంతసేపు కూడబెట్టిన చీకటి వృథా.

క్రిస్మస్ చెట్టు రెండు కావాలి: అలంకరించడానికి ఒకటి, రెండో అంకంలో మూలన నిలబడే, అరిగిన కొవ్వొత్తి మొదళ్ళున్న బోసిది ఒకటి. నోరా దాచుకు తినే మాకరూన్లకు (బాదం మిఠాయిలకు) నోట్లో త్వరగా కరిగేవి ఎంచుకోండి. పొడి బిస్కెట్టయితే మాట గొంతులో అడ్డుపడుతుంది.

హెల్మర్, ఆఖరి సంభాషణ

హెల్మర్‌ను మొదటి నుంచే దుర్మార్గుడిగా ఆడటం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ‘ఉడతా’, ‘పిట్టా’ అని పిలుస్తున్నప్పుడు హాల్లో సగంమంది ముచ్చటపడాలి. అతను నిజంగా ప్రేమిస్తున్నాననే అనుకుంటున్నాడు. అలా ఆడితేనే అప్పుపత్రం తిరిగొచ్చినప్పుడు ‘నేను బయటపడ్డాను’ అన్న మాటా, వెంటనే నోరా అడిగే ‘మరి నేను?’ అన్నదీ తగలాల్సిన చోట తగులుతాయి. అక్కడి నుంచి నటి ఏడవకూడదు, గొంతు పెంచకూడదు.

ఆ తర్వాత నోరా పక్కగదిలోకి వెళ్ళి పండగ వేషం మార్చుకుని మామూలు గౌనులో వస్తుంది. దానికి దొరికేది గుమ్మం దగ్గర నిలబడి హెల్మర్ తన ఔదార్యం గురించి చెప్పుకునే వ్యవధి మాత్రమే, దాదాపు రెండు నిమిషాలు. గౌనుకు హుక్కులు కాకుండా వెల్క్రో కుట్టించి, లోపల ఒక సహాయకురాల్ని నిలబెట్టి, అసలు బట్టలతోనే కనీసం పదిసార్లు సాధన చేయించాలి.

బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నాక కదలికలు ఆపేయండి. ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి కూర్చుని మాట్లాడుకుంటున్నామని నోరాయే అంటుంది. ఇక్కడ లేచి తిరిగే దర్శకత్వం దండగ. ఈ ఘట్టాన్ని మొదటి వారం నుంచే రోజూ చదివించండి.

పిల్లల కోసం నోరా ఆగిపోయినట్టు చూపిద్దామని మీ నాటక సమాజంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 1880లో జర్మనీలో ఒక నటి అలాగే పట్టుబడితే, వేరెవరో రాయడం కంటే నయమని ఇబ్సెన్ తనే అలాంటి ముగింపు రాసిచ్చాడు, రాసి దాన్ని అనాగరిక దౌర్జన్యమన్నాడు. దాని జోలికి పోవద్దు.

చివరి చప్పుడు రంగస్థలం మీద కనిపించే తలుపుది కాదు. కింద వీధి తలుపుది. నోరా నడవలోకి వెళ్ళాక హెల్మర్ కుర్చీలో కూలబడాలి, పిలవాలి, లేచి ఖాళీ గది చూడాలి, ఆశ పుట్టాలి, అప్పుడు చప్పుడు. ఆమె నిష్క్రమణకూ దీనికీ మధ్య పాతిక ముప్ఫై సెకన్లు ఉంచండి. దీనికి రికార్డింగ్ వాడొద్దు. వెనకాల బరువైన చెక్క తలుపును దాని ద్వారబంధంతో సహా నేలకు బిగించి, ఇనుప గడియ పెట్టి, ఒక మనిషిని దానికే కేటాయించండి. ప్రతిధ్వని ఆగాక తెర వేయాలి.

మూడో అంకానికి ముందు

విరామంలో స్టేజ్ మేనేజర్ తనే చూడాల్సినవి: డబ్బాలో క్రోగ్‌స్టాడ్ ఉత్తరం, దానితో పాటు మరికొన్ని ఉత్తరాలు (డబ్బా నిండిపోయిందని హెల్మర్ అంటాడు), తాళంలో విరిగిన తలపిన్ను, రాంక్ జేబులో నల్ల శిలువ గీసిన రెండు విజిటింగ్ కార్డులు, హెలెన్ చేతికి రావాల్సిన రెండో ఉత్తరం, అందులో అప్పుపత్రం, ఇద్దరి ఉంగరాలు, హెల్మర్ జేబులో తాళాల గుత్తి. గుత్తి మరిచిపోయినా ఆట ఆగకుండా డబ్బాకు నిజం తాళం వేయకండి. తలుపు రెక్కకు అయస్కాంతం పెడితే చాలు, తాళం తిరిగిన చప్పుడు నటుడి చేతిలోని గుత్తే ఇస్తుంది.