ఫొటో ప్రింట్ల సేకరణ, 3వ పాఠం: 7/25 అంటే నిజంగా ఎన్ని?

పోయిన పాఠంలో లూపు, అంటే చిన్న భూతద్దం, పెట్టి సిరా చుక్కలు చూడటం నేర్చుకున్నాం. ఈసారి లూపు పక్కన పెట్టి, ప్రింటు కింది అంచున పెన్సిల్‌తో వేసిన అంకె చూద్దాం. కొందరు వెనకవైపు రాస్తారు, తిప్పి చూడండి. చేతులు మాత్రం కడుక్కుని, ఆరబెట్టుకుని!

7/25 అని ఉంటే 25 ప్రింట్ల ఎడిషన్‌లో, అంటే ఇన్నే తీస్తామని ముందే చెప్పిన లెక్కలో, ఇది ఏడోది. 1/25 దొరికితే పండగే అనుకునేవాళ్లున్నారు. అది రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే పద్ధతి నుంచి వచ్చిన అలవాటు. రేకు అరిగేకొద్దీ గీతలు పలచబడతాయి కాబట్టి అక్కడ మొదటి అచ్చులకు గిరాకీ. డిజిటల్ ఫైలు అరగదు కదా! ఇక్కడ తేడా వచ్చేది ధరలోనే: ఎడిషన్ అమ్ముడుపోయేకొద్దీ రేటు పెంచే గ్యాలరీలు చాలా ఉన్నాయి.

అసలు చిక్కు గీత కింద ఉన్న 25తో. ఒక స్టిల్ లైఫ్ అనుకోండి, గిన్నెలో మూడు బేరిపండ్లు. చిన్న సైజులో 25, మధ్య సైజులో 10, పెద్ద సైజులో 5. ఒక్కో సైజుకు మూడేసి ఆర్టిస్ట్ ప్రూఫులు (ఆ లెక్కలో చేర్చకుండా ఫొటోగ్రాఫర్ తన కోసం ఉంచుకునే ప్రింట్లు), వాటి మీద ‘ఏపీ’ అని ఉంటుంది. కూడితే 49. మీరు 25 అనుకుని కొన్న బొమ్మ 49 గోడల మీద ఉండొచ్చు. ఇందులో మోసమేమీ లేదు, ముందే చెబితే.

చెప్పినా తలనొప్పి రావచ్చు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ తన పాత ఫొటోలను పెద్ద సైజు పిగ్మెంట్ ప్రింట్లుగా (డిజిటల్ ప్రింటర్‌తో సిరా చల్లి తీసేవి) కొత్తగా తీయించి 2012లో వేలానికి పెట్టాడు. అవే బొమ్మల డై ట్రాన్స్‌ఫర్ (రంగులను ఒక్కొక్కటిగా కాగితం మీదికి అద్దే పాత పద్ధతి) లిమిటెడ్ ఎడిషన్లు కొనుక్కున్న ఒక కలెక్టర్ కోర్టుకెళ్లాడు. 2013లో కేసు కొట్టేశారు. సైజూ పద్ధతీ వేరు కాబట్టి అది కొత్త ఎడిషనే అయింది. నాకైతే ఆ కలెక్టర్ మీద జాలే, కానీ కాగితం మీద లేని మాట కోర్టులో నిలవడం కష్టం.

దీనికి తిరగబడ్డ కథ అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్‌ది. 1930లో తీసిన క్యాప్సికం బొమ్మ, ‘పెప్పర్ నం. 30’, మీరు చూసే ఉంటారు. ఆయన 50 ప్రింట్ల ఎడిషన్ అని అంకె వేసేవాడు గానీ అన్ని తీసింది అరుదు. 1958లో ఆయన పోయాక కొడుకు కోల్ అవే నెగటివ్‌లతో ప్రింట్లు తీశాడు. తండ్రి చేత్తో తీసినదానికీ కొడుకు తీసినదానికీ ధరలో చాలా దూరం. అలాంటి ప్రింటు దగ్గర మొదట అడగాల్సింది ఎన్ని అని కాదు, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని.

ఈ వారం పని: మీకు నచ్చిన ఒక ప్రింటు అమ్మేవాళ్లకు మెయిల్ పెట్టండి. అన్ని సైజులూ కలిపి ఎన్ని? ఏపీలు ఎన్ని? ఇంకో సైజులో, ఇంకో పద్ధతిలో మళ్లీ తీసే ఆలోచన ఉందా? సర్టిఫికెట్‌లో ఇవన్నీ రాసిస్తారా? ఫోన్‌లో చెబుతామంటే వద్దనండి. వచ్చిన జవాబు దాచిపెట్టుకోండి, నాలుగో పాఠంలో సర్టిఫికెట్ చదివేటప్పుడు దానితో పనుంది.