ఇంటి ఫొటోలనూ పొలం జ్ఞాపకాలనూ భద్రపరచుకోవడం ఎలా?

పాత ఫొటో వెలిసిపోవడానికి దశాబ్దాలు పడుతుంది కానీ, అందులో ఉన్నవారిని గుర్తుపట్టగల పెద్దవారు ఎప్పుడైనా మనకు దూరం కావచ్చు. అందుకే ఈ పనిని ఇంట్లోని పెద్దవారిని అడగడంతో మొదలుపెట్టాలి. గోడ మీది పటాలు, ట్రంకుపెట్టెలోని ఆల్బములు, పాసుపుస్తకాల మధ్య దాచిన చిన్న ఫొటోలు అన్నీ ఒకచోట పరచి, అమ్మమ్మనో పెదనాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటి చేతికిచ్చి అడగండి. వారు చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. “ఇదెవరు?” అని అడిగితే పేరొక్కటే వస్తుంది. “వెనకాల కనిపించే ఎద్దులు ఎవరివి? ఆ ఏడు ఏం పంట వేశారు?” అని అడిగితే మిగతాదంతా గుర్తుకు వస్తుంది. సంవత్సరం తెలియకపోతే, కృష్ణా జిల్లా వారిని 1977 దివిసీమ ఉప్పెనకు ముందా తరువాతా అనీ, కోనసీమ వారిని 1996 తుఫానుకు ముందా తరువాతా అనీ అడిగితే సులువుగా చెప్పగలుగుతారు.

తెలిసిన వివరాలను ఫొటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. పెన్సిలు పడని నున్నని కాగితమైతే, ఫొటోను ఉంచే కవరు మీద ముందే రాసుకోవడం మంచిది.

తరువాత డిజిటల్ ప్రతి తీయాలి. స్కానరు ఉంటే కనీసం 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున) పెట్టండి; మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తున్న ఫొటోకు 1800 × 2400 పిక్సెళ్లు వస్తాయి. స్కానరు లేకపోతే, వరండా నీడలో పగటి వెలుతురులో ఫొటోను బల్ల మీద పరచి, ఫ్లాష్ ఆపి, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకుని తీయవచ్చు. పటం అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను మాత్రం లాగవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు. పై పొర ఊడివస్తే తిరిగి రాదు. దాన్ని అద్దం మీదుగానే, కాస్త నీడపట్టున తీసుకోండి.

ఇక పొలం సంగతి. మా తాతగారి ఫొటోలన్నీ కుర్చీలో కూర్చుని తీయించుకున్నవే. జీవితమంతా అరక దున్నిన మనిషి అరక పట్టిన ఫొటో ఒక్కటీ లేదు. ఈ లోటు మీ ఇంట్లో రాకూడదంటే పనిని పనిగా జరుగుతున్నప్పుడే తీయాలి. గట్టు మీద బావి దగ్గరో వేపచెట్టు కిందో ఒక చోటు ఎంచుకుని, ఏరువాక నాడు, నాట్లప్పుడు, కంకి పాలుపోసుకున్నప్పుడు, కోత రోజున, కుప్ప వేశాక అక్కడి నుంచే ఒకే దిక్కుగా తీస్తే ఏడాది పంట అంతా వరుసలో కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం తలపాగా నీడ ముఖాన్ని కప్పేస్తుంది కనుక పొద్దున్నే గానీ, పొద్దువాలే వేళ గానీ వెళ్లండి. తూర్పారబట్టేటప్పుడు సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే ఎగిరే పొట్టు వెలుగులో స్పష్టంగా తెలుస్తుంది. అటక మీది గొర్రు, గుంటక, కాడి కిందికి దింపి, వాడినవారి చేతికిచ్చి, పట్టుకునే తీరు చిన్న వీడియోగా తీయండి. పనిముట్టును ఒంటరిగా తీస్తే దాని వాడకం రేపటి పిల్లలకు తెలియదు. నాట్లు వేసిన కూలీలను అడిగి తీయండి, వారి పేర్లు కూడా రాయండి. ఆ పంటలో వారి కష్టం ఉంది, పైగా వారి ఇళ్లలో అలాంటి ఫొటో ఉండకపోవచ్చు, ఒక ప్రింటు ఇవ్వండి.

ఫైలుకు ‘1982-నాట్లు-చెరువుకింది మడి’ వంటి పేరు పెడితే వెతకడం సులువు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంటుగా పంపండి. ఒక ప్రతి ఇంట్లోని హార్డ్‌డిస్కులో, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి వేరే ఊళ్లోని బంధువుల దగ్గర ఉంచి, ఏడాదికోసారి తెరిచి చూడండి. అసలు ఫొటోలను కాగితపు కవర్లలో పెట్టి, చెమ్మ తగలని బీరువాలో, వానకు తడిసే గోడకు దూరంగా ఉంచండి.

ఎవరో తెలియని ఫొటోలను పారేయకుండా విడిగా ఒక కవరులో ఉంచి, సంక్రాంతికో పెళ్లికో నలుగురూ చేరినప్పుడు బయటికి తీసి, ఒక పెన్సిలుతో సహా అందరి మధ్యా పెట్టండి.