ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉచిత కార్యక్రమాలను వెతికి పట్టుకోవడం ఎలా

వాషింగ్టన్ నగరానికి పడమటి వైపున, పొటోమాక్ నదికి ఈవలి ఒడ్డున, వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హెర్న్‌డన్, షాంటిల్లీ, సెంటర్‌విల్ వీధుల్లో సాయంత్రం పూట నడిస్తే మన మాట చెవిన పడకుండా ఇల్లు చేరడం కష్టం. ఎండలు ముదిరే వేళకు ఈ ఇళ్లకు మన ఊళ్లనుంచి అమ్మానాన్నలు వస్తారు. కొడుకూ కోడలూ పనులకు, పిల్లలు బడికి వెళ్లిపోయాక, కారు నడపడం రాని ఆ పెద్దవాళ్లకు పగలంతా నాలుగు గోడలే మిగులుతాయి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు, మూడో వారం గడవకముందే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, "ఈ ఊళ్లో మనుషులు ఎప్పుడు బయటికొస్తార్రా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్లిన నాకు, మా ఇంటికి పది నిమిషాల దూరంలోనే పాటలు, కథలు, పక్షుల్ని చూసే నడకలు, పొలం పనులు, అన్నీ పైసా ఖర్చు లేకుండా జరుగుతున్నాయని తెలిసింది. అవి ఉన్నాయని తెలియకపోవడానికి కారణం నా బద్ధకం ఒక్కటే కాదు. ఇక్కడి కార్యక్రమాలను ఒకే సంస్థ నడపదు కాబట్టి వాటి వివరాలన్నీ ఒకే చోట దొరకవు. అందుచేత ఎవరు ఏం నడుపుతారో ముందుగా తెలుసుకోవాలి.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో సుమారు 11.5 లక్షల మంది ఉన్నారు. కౌంటీ ప్రభుత్వం కింద గ్రంథాలయాల విభాగం, 1950లో ఏర్పడిన పార్క్ అథారిటీ వేర్వేరుగా పనిచేస్తాయి, వాటి క్యాలెండర్లు కూడా వేర్వేరే. కౌంటీ లోపలే వియన్నా, హెర్న్‌డన్, క్లిఫ్టన్ అనే మూడు టౌన్లు ఉన్నాయి, వాటికి సొంత పాలకమండళ్లు, సొంత వేడుకలు ఉన్నాయి. ఫెయిర్‌ఫాక్స్ సిటీ, ఫాల్స్ చర్చ్ అనే రెండు నగరాలు మాత్రం కౌంటీని ఆనుకునే ఉన్నా, చట్టప్రకారం కౌంటీలో భాగం కావు. రెస్టన్ సంగతి మరొకటి: 1964లో రాబర్ట్ ఇ. సైమన్ తన పేరులోని మొదటి అక్షరాలతో నామకరణం చేసి మొదలుపెట్టిన ఆ ఊరు ఇంత పెద్దదైనా నేటికీ టౌను కాదు, కానీ రెస్టన్ కమ్యూనిటీ సెంటర్ తన కార్యక్రమాలను తానే విడిగా నడుపుతుంది. పోస్టల్ చిరునామాను నమ్ముకుంటే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. చిరునామాలో హెర్న్‌డన్ అని ఉన్న ఇళ్లలో చాలావరకు హెర్న్‌డన్ టౌను హద్దుల బయటే ఉంటాయి. కాబట్టి మీ ఇల్లు ఏ టౌనులో ఉంది, కౌంటీలోని తొమ్మిది డిస్ట్రిక్టుల్లో (ఎన్నికల విభాగాల్లో) ఏ డిస్ట్రిక్టు కిందికి వస్తుంది అనే రెండు విషయాలను ముందు తేల్చుకోండి. ఆ డిస్ట్రిక్టు నుంచి కౌంటీ పాలకమండలికి ఎన్నికైన సభ్యుడి, అంటే సూపర్‌వైజర్, కార్యాలయం పంపే న్యూస్‌లెటర్‌కు మీ ఈమెయిల్ ఇవ్వండి. అందులో రోడ్డు మరమ్మతుల వార్తల మధ్య, పెద్ద క్యాలెండర్లలో కంటికి ఆనని చిన్న చిన్న స్థానిక కార్యక్రమాలు కూడా కనిపిస్తాయి. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది ఈ ఒక్క పనే.

తరువాత చేయవలసింది దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి వెళ్లడం. కౌంటీ గ్రంథాలయానికి ఇరవైకి పైగా శాఖలు ఉన్నాయి. షాంటిల్లీ, సెంటర్‌విల్, రెస్టన్, బర్క్ దగ్గరి పోహిక్ వంటివి పెద్ద ప్రాంతీయ శాఖలు. ఓక్టన్, హెర్న్‌డన్ ఫోర్ట్‌నైట్లీ వంటివి చిన్నవి. పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి కార్డు కావాలి కానీ, అక్కడ జరిగే కార్యక్రమంలో కూర్చోవడానికి అక్కర్లేదు. మీరు ఏ వీసా మీద వచ్చారని అక్కడ ఎవరూ అడగరు. ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకోవాలనుకునే వాళ్ల కోసం చాలా శాఖల్లో సంభాషణ బృందాలు ఉన్నాయి. స్వచ్ఛంద సేవకులు ఒకరో ఇద్దరో నడుపుతారు, కొరియా నుంచి, పెరూ నుంచి, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటారు, పరీక్షలూ మార్కులూ ఉండవు. మా అమ్మ మొదటి రోజు నోరు విప్పలేదు. రెండో వారం పక్కనే కూర్చున్న కొరియా పెద్దావిడ తమ ఇంటి ఊరగాయ గురించి చెబుతుంటే, ఈమె ఆవకాయ గురించి చెప్పాలని పట్టుబట్టి, మాటలు తోచనప్పుడు చేతులతో కారం కలిపి చూపించింది. ఇంటికొచ్చాక, "ఆవిడ పేరు పలకడం రాదు కానీ, మళ్లీ వారం ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవాళ్లు మొదటిసారి వాళ్ల పక్కన కూర్చోండి, రెండోసారి పుస్తకాల అరల దగ్గర ఆగిపోండి, మూడోసారి తలుపు దాకా దింపి వచ్చేయండి.

పసిపిల్లల కోసం జరిగే స్టోరీటైమ్‌కు తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వస్తారు. కొన్ని శాఖల్లో నేరుగా వెళ్లి కూర్చోవచ్చు, కొన్నింటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నేను ఈ తేడా గమనించక ఒక వర్షం రోజున నాలుగేళ్ల పాపను సిద్ధం చేసి తీసుకెళ్తే, గది నిండిపోయిందని చెప్పారు. గాజు తలుపు అవతల పిల్లలు చప్పట్లు కొడుతుంటే మా పాప ఇవతల నిలబడి చూసింది. అప్పటినుంచి ప్రతి కార్యక్రమం కింద చిన్న అక్షరాలతో రాసి ఉండే గమనికలను, అంటే నమోదు అవసరమా, ఏ వయసువారికి, ఏ రోజు నుంచి నమోదు మొదలవుతుంది అనేవాటిని చదవకుండా ఇల్లు కదలడం మానేశాను. ఖాళీ లేదని చూపిస్తే వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టండి. రుసుము లేదు కాబట్టి పేరిచ్చినవాళ్లలో కొందరు రాకుండా ఉండిపోతారు, ఆ చోటు మీకు దక్కుతుంది. అదే కారణంగా, మీకు వెళ్లడం కుదరకపోతే పేరు తీసేయించడం మరచిపోకండి, తలుపు బయట మరొక పాప నిలబడి ఉండవచ్చు.

వేసవి సంగీత కార్యక్రమాలకు ఇంత జాగ్రత్త అవసరం లేదు. పార్క్ అథారిటీ వేసవి నెలల్లో కౌంటీ నలుమూలలా ఉన్న పార్కుల్లో సాయంత్రాలు ఉచిత కచేరీలు ఏర్పాటు చేస్తుంది. ఆనన్‌డేల్‌లోని మేసన్ డిస్ట్రిక్ట్ పార్కులో మెట్ల వరసలున్న ఆరుబయటి వేదిక ఉంది, వియన్నా దగ్గరి నాటోవే పార్కులో పచ్చికే ఆసనం. టికెట్టు లేదు, నమోదు లేదు, వెళ్లి కూర్చోవడమే. జాజ్, బ్లూగ్రాస్, లాటిన్ వాద్యాలు, సైనిక బ్యాండ్లు, ఏ వారం ఏవి ఉంటాయో ముందే ప్రకటిస్తారు. జూన్ నెలలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చి, డబ్బాలో పులిహోరో పెరుగన్నమో సర్దుకుని వెళ్లడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. మడత కుర్చీలు తప్పకుండా పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు గడ్డిలో కూర్చోగలరేమో కానీ, లేవడం వాళ్లకు యాతన. దోమల మందు రాసుకోండి. ఎత్తైన గడ్డి ఉన్న చోట తిరిగితే, మన పల్లెల్లో పశువులకు పట్టే గోమార్ల వంటి పురుగులు ఇక్కడ మనుషులకూ పడతాయి. వాటి కాటు వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక చూడండి. మరొక సంగతి, ఈ ప్రాంతంలో వేసవి సాయంత్రాల్లో ఉరుములు మెరుపులు హఠాత్తుగా వస్తాయి. పిడుగుల భయం ఉంటే కార్యక్రమాన్ని రద్దు చేస్తారు. బయలుదేరే ముందు ఆ రోజు ప్రకటన ఒకసారి చూసుకుంటే అరగంట ప్రయాణం వృథా కాదు.

ఏ తేదీ, ఏ వేళ చూసుకోకుండా వెళ్లగలిగే చోటు ఒక్కటి చెప్పమంటే నేను ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్కు పేరు చెబుతాను. మూకుడు పేరుతో పార్కు ఏమిటని మొదట వింతగా అనిపిస్తుంది, కానీ ఆ పేరు అక్కడి వాగుది. అందులోని కిడ్‌వెల్ ఫార్మ్‌లో 1920 నుంచి 1950 వరకు ఇక్కడి రైతులు ఎలా బతికారో చూపించేలా ఆవులు, గొర్రెలు, పందులు, కోళ్లు, పాత ట్రాక్టర్లు ఉంచారు. ప్రవేశం ఉచితం, బండి మీద తిరగాలంటే మాత్రం డబ్బు కట్టాలి. కృష్ణా జిల్లాలో పాడి పశువుల మధ్య పెరిగిన మా అమ్మ, అక్కడ కంచె మీద చేతులు ఆనించి, దూడను నాకుతున్న ఆవు వైపు చాలాసేపు చూసింది. "ఇది ఈని ఎన్నాళ్లో కాలేదురా, పొదుగు చూడు" అంది. పక్కనే ఉన్న ఒక అమెరికన్ తల్లి ఏమంటున్నారని నన్ను అడిగింది, నేను చెప్పాను, ఆమె తన పిల్లలకు చెప్పింది. ఆ తరువాత ఆ పిల్లలు మా అమ్మను వదలలేదు. ఆగస్టు మొదట్లో ఇదే పార్కులో ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘం జాతర జరుగుతుంది. పిల్లలు తాము పెంచిన జీవాలను అక్కడికి తెచ్చి న్యాయనిర్ణేతల ముందు నడిపిస్తారు. రంగులరాట్నాలకు టికెట్టు కొనాలి, పశువుల ప్రదర్శన చూడటానికి అక్కర్లేదు.

ఉచితం అన్న మాట ఎంతవరకు వర్తిస్తుందో కూడా కొంచెం వివరంగా చెప్పాలి. షాంటిల్లీలో స్మిత్‌సోనియన్ వారి ఉద్వార్-హేజీ విమాన మ్యూజియం 2003లో తెరిచారు. డిస్కవరీ అంతరిక్ష నౌకను, కాంకార్డ్ విమానాన్ని దగ్గరగా నిలబడి చూడటానికి టికెట్టు లేదు, కానీ కారు నిలిపేందుకు 15 డాలర్లు కట్టాలి. సాయంత్రం నాలుగు దాటాక పార్కింగు ఉచితం, మ్యూజియం అయిదున్నరకు మూసేస్తారు. పెద్దవాళ్లకు గంటన్నర నడక చాలు కాబట్టి మేము ఎప్పుడూ నాలుగింటికే వెళ్తాము. అలాగే గ్రేట్ ఫాల్స్ జలపాతం ఉన్నది జాతీయ పార్కు సేవ నడిపే స్థలం, అక్కడ వాహనానికి రుసుము ఉంది. దానికి కాస్త ఎగువన అదే పొటోమాక్ ఒడ్డున ఉన్న రివర్‌బెండ్ పార్కు కౌంటీది, ప్రవేశానికి డబ్బు తీసుకోరు. అక్కడ జలపాతం లేదు కానీ, నది వెడల్పుగా, నిదానంగా పారుతూ ఉంటుంది, ఒడ్డు వెంట నీడలో నడవవచ్చు. కాల్విన్ రన్ మిల్ వంటి చారిత్రక స్థలాల్లో ఆవరణలో తిరగడం ఉచితం, లోపల వివరించి చూపించడానికి రుసుము. కాబట్టి ప్రకటనలో ప్రవేశం ఉచితం అని ఉంటే పార్కింగు మాటేమిటి, రైడ్ల మాటేమిటి అని చూసుకోండి.

కారు లేనివాళ్లకు ఒక మాట. 2022 నవంబరులో సిల్వర్ లైన్ మెట్రో రెస్టన్ టౌన్ సెంటర్, హెర్న్‌డన్ మీదుగా యాష్‌బర్న్ దాకా పొడిగించాక, పెద్దవాళ్లు తమంతట తాము కదలగలిగే చోట్లు పెరిగాయి. ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ బస్సులు స్టేషన్లను ఇళ్లతో కలుపుతాయి, కానీ వారాంతాల్లో తక్కువగా నడుస్తాయి. తిరుగు బస్సు వేళ కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో పెట్టండి.

ఏడాది పొడవునా గుర్తుంచుకోదగ్గవి మరికొన్ని ఉన్నాయి. శనివారం ఉదయం రెస్టన్‌లోని లేక్ ఆన్ చెరువు గట్టున రైతుల సంత జరుగుతుంది. ఏమీ కొనకపోయినా గంటసేపు తిరగవచ్చు. ఆగస్టు మొదటి మంగళవారం నేషనల్ నైట్ అవుట్ రోజున చాలా కాలనీల్లో ఇరుగుపొరుగువాళ్లు, పోలీసులు ఒకచోట కలుస్తారు. అక్టోబరులో ఒక శనివారం కౌంటీ అగ్నిమాపక కేంద్రాలు తలుపులు తెరిచి పిల్లలను ఫైరింజను ఎక్కనిస్తాయి. ఆ నెలాఖరున వియన్నా టౌను ప్రధాన వీధిలో హాలోవీన్ ఊరేగింపు సాగుతుంది. హంట్లీ మెడోస్ పార్కులో చిత్తడి నేల మీద కట్టిన చెక్క బాట వెంట సోమవారం ఉదయం పక్షుల్ని చూసే నడక ఉంటుంది. వయసు పైబడినవాళ్లు నెమ్మదిగా నడిచినా విసుక్కునేవాళ్లు అందులో ఉండరు, ఎందుకంటే అందరూ నెమ్మదిగానే నడుస్తారు.

శుక్రవారం రాత్రులు గ్రేట్ ఫాల్స్ దగ్గర టర్నర్ ఫార్మ్‌లోని అబ్జర్వేటరీ పార్కులో దూరదర్శినులు ఏర్పాటు చేసి, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా ఆకాశం చూపిస్తారు. దానిని నడిపేది ఖగోళ శాస్త్రం మీద మక్కువ ఉన్న స్వచ్ఛంద సేవకులు. మబ్బు పడితే ఆ రాత్రికి చూపించరు కాబట్టి, పొద్దు గూకే వేళ ఒకసారి బయటికి వచ్చి తల పైకెత్తి చూసి బయలుదేరండి. చీకటికి అలవాటు పడ్డ కళ్లకు తెల్లని వెలుతురు ఇబ్బంది, అందుకని అక్కడ ఫోను లైటు వెయ్యకూడదు. పెద్దవాళ్లను చేయి పట్టుకుని నడిపించండి, వంగి చూడలేని వాళ్లుంటే ముందే చెప్పండి.