ఇంధన భద్రత ప్రశ్న వస్తే మా ట్రాన్స్‌ఫార్మర్‌ను గుర్తు తెచ్చుకోండి

మహబూబ్‌నగర్‌లో సాయంత్రాలు గ్రూప్-1 పిల్లలకు పాఠాలు చెబుతాను. ‘యూరోపియన్ యూనియన్ లాంటి కూటముల్లో సభ్యదేశాల ఇంధన భద్రతను చర్చించండి’ అని టెస్టు పెడితే పదిమందిలో తొమ్మిదిమంది నిర్వచనంతో మొదలుపెడతారు. అదీ అందరిదీ ఒకే గైడులోది. మూడో పేపరుకే నాకు ఆవలింతలు.

నిర్వచనం వదిలేయండి. రఫ్ పేజీలో మూడు ప్రశ్నలు రాసుకోండి: సరుకు ఎక్కణ్నుంచి వస్తోంది? ఆగితే ఎన్నాళ్లకు సరిపడా నిల్వ ఉంది? తీగ ఎవరితో కలిసి ఉంది?

మాది కృష్ణ మండలం. మిద్దెక్కితే ఏటి అవతల రాయచూరు థర్మల్ పొగగొట్టాలు కనబడతాయి. మా పొలంలో మాత్రం కరెంటు నిలిచేది కాదు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడు మోటార్లు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేచేవి, ఫ్యూజు కొట్టేసేది. ఒక యాసంగిలో, వరి పొట్టకొచ్చిన టైమ్‌లో, కాయిలే కాలిపోయింది. తలా ఇంత వేసుకొని ట్రాక్టర్‌లో రిపేరుకు తీసుకుపోయాం. తిరిగి రావడానికి తొమ్మిది రోజులు. పక్క ట్రాన్స్‌ఫార్మర్ కింది పెద్దాయన తన బోరు నుంచి రెండు తడులిచ్చాడు. ‘రేపు నాది కాలితే నువ్వియ్యాలె’ అన్నాడు నాయనతో. యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందంలో (TFEU) 194వ అధికరణం ‘సంఘీభావం’ అంటున్నది దీన్నే. అదే అధికరణం ఏ ఇంధనం వాడుకోవాలో ఏ దేశానికాదేశం తేల్చుకోవచ్చని కూడా అంటుంది. జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి మూడు అణు రియాక్టర్లూ ఆపేసింది, ఫ్రాన్స్ అణువిద్యుత్తునే నమ్ముకుంది. ఇద్దరిదీ ఒకే గ్రిడ్. ఈ పేచీ రాసినవాళ్లకే నేను మంచి మార్కులేస్తాను.

మొదటి ప్రశ్నకు రెండు వాక్యాలు చాలు. 2021లో యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో దాదాపు 45 శాతం రష్యాదే. మరుసటి ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది.

నిల్వ దగ్గర పిల్లలు ఎక్కువగా తప్పులు చేస్తారు. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. సభ్యదేశాలు 90 రోజుల చమురు దాచాలి. అది 90 రోజుల వాడకం కాదు, నికర దిగుమతుల (కొన్నదాంట్లోంచి అమ్మింది తీసేస్తే మిగిలేది) లెక్క. అమ్మకమే ఎక్కువున్న దేశానికి ఈ బాధ్యత లేదు. గ్యాస్ సంగతి వేరు: 2022 నాటి యూనియన్ చట్టం ఆ ఏడాది నవంబర్ 1కి నిల్వలు 80 శాతం, తర్వాతి ఏళ్లలో 90 శాతం నింపమంది. 2025లో గడువును కొంత సడలించారు. నిల్వకు చోటే లేని దేశం తన ఏడాది వాడకంలో 15 శాతాన్ని పొరుగు దేశంలో దాచుకోవాలి. మన వడ్లు పక్కింటి గాదెలో పోసుకున్నట్టు.

ఇక తీగ. ఇక్కడ మనకు సొంత ఉదాహరణే ఉంది, యూరప్ దాకా పోనక్కర్లేదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కుప్పకూలితే మన దక్షిణాదికి ఏమీ కాలేదు. అప్పటికి రెండు గ్రిడ్లకూ మధ్య ఉన్నవి డీసీ లింకులే (రెండు గ్రిడ్లనూ నేరుగా ముడేయకుండా కరెంటు పంపే లైన్లు), అందుకే అక్కడి కుదుపు ఇక్కడికి పాకలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ (కిలోవోల్టుల) ఏసీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. అటు మిగులుంటే మనకొస్తుంది, అటు పెద్ద కుదుపొస్తే మనదాకా తగలొచ్చు.

ఇప్పుడు యూరప్‌ను తీసుకురండి. 2025 ఫిబ్రవరిలో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా రష్యా గ్రిడ్ నుంచి విడిపోయి యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. అదే ఏడాది ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైతే ఫ్రాన్స్, మొరాకో లైన్ల సాయంతో కరెంటు తిరిగొచ్చింది. కలవడం వల్ల లాభమని ఒక్కటే రాసి వదిలేస్తే సగం జవాబే.

చివర్లో ‘సమష్టి కృషి అవసరం’ రాయకండి, ప్లీజ్. ఆ జాగాలో చిన్న మ్యాప్ వేయండి. రాయచూరు నుంచి షోలాపూర్‌కు ఒక గీత, పక్కన 765 కేవీ, 2013. అర నిమిషం పని.