ఎముక ఆడవాళ్లదా, మగవాళ్లదా? ఆకారం చూసి చెప్పడం ఇలా

అస్థిపంజరం టేబుల్ మీద పరిచాక అందరి చెయ్యీ ముందు పుర్రె మీదికే వెళ్తుంది. మీరు మాత్రం కటి ఎముక తీసుకోండి. కాన్పుకి దారి ఇవ్వాల్సింది అదే కాబట్టి తేడా అక్కడే తేటగా ఉంటుంది. పైగా పుర్రె ముందు చూస్తే మనసు అప్పుడే తీర్పు చెప్పేస్తుంది, ఇక కటి ఎముకలో కూడా అదే కనిపిస్తుంది, అందుకే కటి చూసి మీ అభిప్రాయం కాగితం మీద పెట్టాకే పుర్రె ముట్టుకోండి.

మొదట ప్యూబిక్ ఎముక, అంటే కటి ఎముకలో ముందువైపు భాగం. 1969లో ఫెనిస్ అనే మానవశాస్త్రవేత్త చెప్పిన మూడు గుర్తులు ఇప్పటికీ వాడుతున్నాం: ముందువైపు ఏటవాలుగా దిగే సన్నటి గట్టు, లోపలికి వంగిన కింది అంచు, అక్కడి నుంచి కిందికి కొమ్మలా దిగే భాగం లోపలి ముఖం వెడల్పుగా కాక సన్నగా గట్టులా ఉండటం. మూడూ ఉంటే ఆడమనిషి. చిక్కేమిటంటే, మట్టిలో ఉన్న ఎముకల్లో తరచూ ముందు విరిగేది ఈ భాగమే.

అప్పుడు కటి ఎముక వెనకవైపున్న సయాటిక్ నాచ్ అనే లోతైన గాడి దిక్కు. అందులో బొటనవేలు పెడితే ఆడవాళ్లలో అటూ ఇటూ కదులుతుంది, మగవాళ్లలో బిగుసుకుంటుంది. మధ్యరకాలు బోలెడు ఉంటాయి, అక్కడ కంటిని నమ్మకుండా ఆకారాన్ని కొలవాలి.

ఎముకను ప్రతిసారీ ఒకే తీరులో పెట్టి, స్టాండు మీద కెమెరా కదలకుండా, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. కుడివైపుదైతే బొమ్మను అద్దంలోలా తిప్పుకోండి. ఫొటో మీద చుక్కలు పెట్టే టీపీఎస్‌డిగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో నాచ్ రెండు కొసలూ గుర్తించి, మధ్య వంపు పొడవునా సమాన దూరంలో చుక్కలు పెట్టండి. తర్వాత ఆకారాలను పోల్చే మార్ఫోజే అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రోక్రస్టీస్ ఫిట్ అనే లెక్క చేస్తే ఎముకలన్నీ ఒకే చోటికి జరిగి, ఒకే సైజుకి వచ్చి, ఒకే దిక్కుకి తిరుగుతాయి, ఇక మిగిలేది ఆకారమే. ఆడా మగా ముందే తెలిసిన ఎముకలతో పోల్చి, మీ ఎముక ఎటు పడుతుందో చూడండి. ఆ పోల్చే ఎముకలు అదే ప్రాంతం జనానివి కావాలి, ఎందుకంటే ఆకారం కూడా జనాన్ని బట్టి మారుతుంది, వేరే జనం మీద తయారైన కొలతలు తెచ్చి మన దగ్గర పెడితే మగవాళ్లు ఆడవాళ్ల లెక్కలోకి పోవచ్చు.

వారం ఆగి అవే ఫొటోల మీద మళ్లీ చుక్కలు పెట్టండి. రెండుసార్ల మధ్య తేడా ఆడమగ తేడాకి దగ్గరగా వస్తే ఆ కొలత పనికిరాదు.

ఈడు రాని పిల్లల ఎముకల మీద ఇది ప్రయత్నించొద్దు. పెద్దవాళ్లలోనూ తేలకపోతే ‘తేలలేదు’ అనే రాయండి. పోలీసు కేసులో తప్పు రాస్తే, కనిపించకుండా పోయినవాళ్ల జాబితాలో ఒక వైపు పేర్లన్నీ ఎవరూ చూడకుండానే పక్కకి పోతాయి, మనం వెతికే పేరు వాటిలోనే ఉండిపోతుంది.